ఆరేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్నాను. సంతోషం కంటే టెన్షన్ ఎక్కువగా ఉంది, ఎందుకు?

తిరుగుదారి | శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. వచ్చే శుక్రవారం ఇంటికి వెళ్తున్నాను. ఆరేళ్ళయింది. మొదట సెలవు దొరకలేదు, తర్వాత కాగితాల పని తెగలేదు, ఆ తర్వాత నిజం చెప్పాలంటే వెళ్ళకపోవడమే అలవాటైపోయింది.

ఈ ఆరేళ్ళలో ఇంటిమీద బెంగ లేని రోజు లేదు. తీరా టికెట్ చేతికొచ్చాక నిద్ర పట్టడం లేదు. సంతోషం ఉంది, కాదనను. దాని అడుగున ఏదో భయం ఉంది. అమ్మా నాన్నా రోజూ వీడియో కాల్‌లో కనిపిస్తారు. ఫోన్లో కనిపించేది ముఖమే కదా. నడక ఎలా ఉందో, మెట్లెక్కుతూ ఎన్నిసార్లు ఆగుతున్నారో అందులో తెలియదు. నా గది ఇప్పుడు సామాన్ల గది అయిందని చెల్లి మాటల్లో మాటగా చెప్పింది. ఆ పూటంతా నా మనసు మనసులో లేదు.

మా వీధి తలుపు వానలకి ఉబ్బి నేలకి పట్టేసేది. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి భుజంతో నెట్టాలి. కొత్తవాళ్ళెవరికీ తెరవడం వచ్చేది కాదు. మొన్న రాత్రి పడుకుని ఆ తలుపునే తలుచుకుంటున్నాను. పిడి కుడివైపు ఉండేదా, ఎడమవైపా? గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. లేచి కూర్చుండిపోయాను.

చెల్లికి ఫోన్ చేసి అడగొచ్చు. సిగ్గేసింది. ఇలా అందరికీ అవుతుందా?

---

చెట్టునీడ | శనివారం, రాత్రి 11:58

అవుతుందండీ. నేను నాలుగేళ్ళకి వెళ్ళాను. దారంతా ఎప్పుడు చేరతానా అని తహతహలాడి, ఇంటి మలుపు కనబడేసరికి గుండె దడదడలాడింది. బ్యాగు మోయలేకపోతున్నట్టు కింద పెట్టి రెండు నిమిషాలు నిలబడ్డాను. బ్యాగు బరువేం లేదు.

---

పాతపుటలు | ఆదివారం, ఉదయం 7:15

నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి ఒక పాత సంగతి చెప్తాను.

1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగ మీదే తన సిద్ధాంత వ్యాసం రాశాడు. అప్పటికి అతనికి 19 ఏళ్ళు. 'నోస్టాల్జియా' అన్న మాట పుట్టింది ఆ వ్యాసంలోనే. గ్రీకులో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగి రావడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఈ రోజుల్లో పాత ఫొటోలు చూసి ముచ్చటపడటానికి ఆ మాట వాడేస్తున్నాం కానీ, అతను దాన్ని ఒక జబ్బు పేరుగా పెట్టాడు.

అందులో ఒక కథనం నన్ను వదలదు. బెర్న్ నుంచి బాసెల్‌కి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు బెంగతో మంచం పట్టాడు. జ్వరం, గుండెదడ, రోజురోజుకీ నీరసం. ఇక బతకడనుకున్నారు. చివరి ప్రయత్నంగా ఇంటికి పంపిద్దామని ప్రయాణానికి సిద్ధం చేశారు. ఊరు దాటి కొంతదూరం వెళ్ళేసరికే తేరుకున్నాడు. ఇల్లు చేరకముందే, దారిలోనే.

ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు వైద్యులు దీన్ని జబ్బుగానే చూశారు. 1861 నుంచి 1865 దాకా జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు నోస్టాల్జియా పేరుతోనే వేల కేసులు రికార్డుల్లోకి ఎక్కించారు.

మన మాట చూడండి, బెంగ. బెంగ పెట్టుకుంటాం, బెంగతో చిక్కిపోతాం, బెంగ పడి జ్వరం తెచ్చుకుంటాం. మనసూ ఒళ్ళూ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. హోఫర్ ఒక వ్యాసమంతా రాసి చెప్పింది మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రెండక్షరాల్లో చెప్పేశారు.

మీకు వచ్చింది వింత జబ్బేం కాదండీ. ప్రయాణం మొదలైతే సగం తగ్గుతుంది.

---

కిటికీసీటు | ఆదివారం, ఉదయం 9:02

నా మాట కొంచెం కటువుగా అనిపిస్తే మన్నించండి. మీరు తలుచుకుంటున్న ఇల్లు ఇప్పుడు అక్కడ లేదు. అది ఆరేళ్ళ కిందటి ఇల్లు. అందులో మీ అమ్మానాన్నల వయసు ఆరేళ్ళు తక్కువ, మీ వయసూ తక్కువే. మనం బెంగపడేది చోటు కోసం అనుకుంటాం కానీ, నిజానికి అది ఆ కాలం కోసం. టికెట్ కొని చోటుకి వెళ్ళగలం, కాలానికి వెళ్ళలేం. ఇది ముందే ఒప్పుకుని వెళ్తే బాధ తగ్గుతుంది. నేను ఒప్పుకోకుండా వెళ్ళాను. పది రోజులూ అన్నిటికీ చిరాకుపడి, అందరినీ బాధపెట్టి తిరిగొచ్చాను. "ఈ కుర్చీ ఇక్కడెందుకుంది, ఆ గోడకి ఈ రంగు ఎవరు వేయమన్నారు" అంటూ. అమ్మ ఆ పది రోజుల్లో కుర్చీని మూడుసార్లు జరిపింది, నాకోసం. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

---

నదిమలుపు | ఆదివారం, ఉదయం 10:30

కిటికీసీటు గారూ, మీ అనుభవాన్ని కాదనను. అంతా కాలమే అని తేల్చేస్తే మాత్రం ఒప్పుకోలేను. నేను జీవశాస్త్రం చెప్తాను, అందుకని ఈ రెండు ముక్కలు.

చోటుకి మన తలలో నిజంగానే చోటుంది. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని పరిశీలిస్తూ ఒక సంగతి బయటపెట్టారు. అక్కడి కొన్ని కణాలు ఎలుక ఏదో ఒక చోటికి వచ్చినప్పుడే స్పందిస్తాయి. ఈ మూలకి వస్తే ఒక కణం, ఆ గోడ దగ్గరికి వెళ్తే ఇంకొకటి. 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ల బృందం పక్కనే ఉన్న భాగంలో గ్రిడ్ కణాలను కనిపెట్టింది. అవి గళ్ళ కాగితంలా దూరాలు కొలుస్తాయి. 2014లో ఈ ముగ్గురికీ వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల మెదడులోనూ ఇలాంటి కణాలున్నాయని తేలింది. అంటే మనం పెరిగిన ఇంటి పటం పదాలుగానో ఫొటోగానో కాదు, అడుగులుగా దాచుకుని ఉన్నాం.

ఇక తిరుగుదారి గారూ, మీ తలుపు పిడి. గుర్తు రాలేదని అంత కుంగిపోకండి. మాటల్లో చెప్పగలిగే జ్ఞాపకం వేరు, చేతికి ఉండే జ్ఞాపకం వేరు. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడుకి ఆపరేషన్ చేయించుకున్న ఒక రోగికి ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. పరిశోధనల్లో ఆయన్ని హెచ్.ఎం. అనే రాసేవారు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించారు. మొదట్లో గీత వంకరలు పోయింది. రోజులు గడిచేకొద్దీ చెయ్యి చక్కగా తిరిగింది. కానీ ప్రతిరోజూ ఆయన దృష్టిలో అది కొత్త పనే, అంతకుముందు చేసినట్టు ఆయనకి గుర్తే లేదు. మనిషికి గుర్తు లేనిది చేతికి తెలుసు.

ఆ తలుపు వేల సార్లు తీసిన చెయ్యి మీది. దాన్ని అడగండి, తలని అడక్కండి.

---

కొత్తబ్యాగు | ఆదివారం, మధ్యాహ్నం 3:47

నాకు 17 ఏళ్ళు. హాస్టల్‌కి వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ ఆరేళ్ళు, నాలుగేళ్ళు అంటున్నారు, నేను మూడు వారాలకే ఇలా అయిపోతున్నానని రాయడానికి మొహమాటంగా ఉంది. పగలు బాగానే ఉంటుంది. చీకటి పడగానే గొంతులో ఏదో అడ్డం పడినట్టు అవుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు తమ్ముడు గట్టిగా చదువుతున్నాడని రోజూ గొడవపడేవాడిని. ఇప్పుడు ఆ గోల లేకుండా పుస్తకం ముందు కూర్చోలేకపోతున్నాను. అమ్మ ఫోన్ చేస్తే "బాగున్నాను" అని రెండు ముక్కల్లో పెట్టేస్తున్నాను, ఇంకో మాట మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని.

---

ఎదురుచూపు | ఆదివారం, సాయంత్రం 5:20

బాబూ, మూడు వారాలని చిన్నబుచ్చుకోకు. మొదటి వారాలే అన్నిటికంటే కష్టం. రెండు ముక్కల్లో ఫోన్ పెట్టేస్తే అమ్మకి తెలియదనుకుంటున్నావా? తెలుస్తుంది. పెట్టేశాక ఆ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటుంది. ఏడుపొస్తే రానివ్వు. "బెంగగా ఉందమ్మా" అను, చాలు. ఆ ఒక్క మాట అన్నాక మీ ఇద్దరికీ కాస్త తేలికపడుతుంది. చీకటి పడే వేళకి గదిలో ఒంటరిగా ఉండకు. ఆటస్థలమో, మెస్సో, ఎవరైనా ఉన్న చోటికి వెళ్ళి కూర్చో. తిండీ నిద్రా పూర్తిగా చెడితే మాత్రం దాచుకోకుండా వార్డెన్‌కో ఇంట్లోవాళ్ళకో చెప్పు.

---

నదిమలుపు | ఆదివారం, సాయంత్రం 6:05

ఇంకో సంగతి, కొత్త చోట నిద్ర పట్టకపోవడం గురించి. 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొత్త చోట మొదటి రాత్రి పడుకున్నవాళ్ళ మెదడుని గమనించారు. గాఢ నిద్రలో కూడా ఎడమ అర్ధభాగంలో కొంత కుడివైపు అంత లోతుగా నిద్రపోలేదు. చిన్న చప్పుడుకే మేలుకుంది. కాపలా ఉన్నట్టు. ఇల్లంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను, మెదడు రెండు వైపులా కాపలా దించేసి పడుకోగలిగే చోటు.

---

మూడోమెట్టు | ఆదివారం, రాత్రి 9:33

నిన్న రాత్రి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ.

మా ఇల్లు అమ్మేశారు. నాన్న పోయాక అప్పులు తీర్చడానికి వేరే దారి లేకపోయింది. ఎవరినీ తప్పుపట్టను. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మూడేళ్ళ తర్వాత అటుగా పని పడి వెళ్ళి, ఎదురు గోడ పక్కన నిలబడ్డాను. రంగు మారింది, కిటికీలకి కొత్త ఊచలు వచ్చాయి. మూడో మెట్టు అంచు మాత్రం అలాగే విరిగి ఉంది. చిన్నప్పుడు నేను సైకిల్ దింపుతూ విరగ్గొట్టిందే. ఆ రోజు నాన్న నన్నేమీ అనలేదు, ఆ ముక్కని తీసుకెళ్ళి పెరట్లో చెట్టు మొదట్లో పెట్టారు. అంతసేపు నిలబడ్డానని నాకే తెలియలేదు. లోపల్నుంచి ఒకావిడ బయటికొచ్చి "ఎవరు కావాలండీ?" అని మర్యాదగానే అడిగింది. ఎవరూ వద్దండీ అన్నాను. ఆ మాట అన్నాక కాళ్ళు కదల్లేదు.

కిటికీసీటు గారు చోటు కాదు, కాలం అన్నారు. నాకు రెండూ పోయాయి కాబట్టి తేడా చెప్పగలను. కాలం పోయిన బాధ మెల్లగా వస్తుంది, ప్రతిమనిషికీ వస్తుంది. చోటు పోయిన బాధ ఒక్క రోజున వస్తుంది.

తిరుగుదారి గారూ, మీ గది సామాన్ల గది అయిందని బాధపడుతున్నారు. ఆ సామాన్లు మీవాళ్ళవి. వెళ్ళిరండి.

---

కిటికీసీటు | ఆదివారం, రాత్రి 10:10

మూడోమెట్టు గారూ, నేను తొందరపడి అన్నాను. చోటు కాదు అనకుండా ఉండాల్సింది.

---

పాతపుటలు | ఆదివారం, రాత్రి 10:48

మూడోమెట్టు గారి మాట చదివాక ఇది రాయాలనిపించింది. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 13వ అధికరణం ఉంది. అందులో రెండో భాగం ప్రకారం, ఏ దేశాన్నయినా, సొంత దేశాన్నయినా, విడిచి వెళ్ళే హక్కు ప్రతి మనిషికీ ఉంది. దాంతోపాటే సొంత దేశానికి తిరిగి వచ్చే హక్కూ ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ రెండో సగం దగ్గర ఆగిపోయాను. తిరిగి రావడం హక్కుగా రాసుకోవాల్సినంత పెద్ద విషయమా అనిపించింది. యుద్ధాల వల్ల, హింస వల్ల ఇల్లు విడిచిపెట్టాల్సి వచ్చినవాళ్ళ సంఖ్య ప్రపంచంలో 2022లో 10 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రకటించినప్పుడు అర్థమైంది. వాళ్ళలో కొందరి దగ్గర ఇప్పటికీ ఇంటి తాళంచెవి ఉంటుంది. తలుపు ఉందో లేదో తెలియదు.

---

చెట్టునీడ | సోమవారం, ఉదయం 8:20

ఎక్కువ రాయలేను. ఒక్క సలహా. వెళ్ళిన మొదటి రెండు మూడు రోజులు ఎలా ఉన్నా దాన్నిబట్టి ఏమీ తేల్చుకోకండి. ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళకి పరాయిగా అనిపించడం మామూలేనని 1963లోనే గల్లాహార్న్ దంపతులనే పరిశోధకులు రాశారు. కొత్త దేశానికి వెళ్ళినప్పుడు మనసు ఒకసారి దిగి లేస్తుంది, తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి దిగి లేస్తుంది. గీస్తే ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా ఉంటుందన్నారు. మొదటి దానికి అందరూ సిద్ధపడతారు. రెండోది వస్తుందని ఎవరూ అనుకోరు, సొంత ఇల్లే కదా అని. అందుకే ఎక్కువ నొప్పి పెడుతుంది.

---

ఎదురుచూపు | సోమవారం, మధ్యాహ్నం 1:15

వెళ్ళేవాళ్ళే అందరూ రాస్తున్నారు. ఇంట్లో ఉండేవాళ్ళ వైపు నుంచి నేను చెప్తాను. మా అమ్మాయి దూరదేశంలో ఉంటోంది.

తిరుగుదారి బాబూ, మీ అమ్మానాన్నలకీ నిద్ర పట్టడం లేదు. నేను పందెం కాస్తాను. ఇల్లంతా సర్ది, సర్దిందే మళ్ళీ సర్దుతుంటారు. వాడికి ఇంకా ఆ దుప్పటే ఇష్టమా, మారిపోయాడా అని వాదించుకుంటారు. మీరు పరాయివాడిలా అనిపిస్తానేమోనని భయపడుతున్నారు కదా, వాళ్ళ భయం వేరు. ముసలివాళ్ళమైపోయామని మిమ్మల్ని చూడగానే మీ కళ్ళల్లో కనబడుతుందేమోనని. మొదటి నిమిషంలో మీ ముఖం జాగ్రత్త. నేను చెప్పేది ఇదొక్కటే.

గది సంగతి కూడా చెప్పనా? మేమూ మా అమ్మాయి గదిలో సామాన్లు పెట్టాం. మరిచిపోయి కాదు. మొదటి ఏడాది ఆ గదిని అలాగే ఉంచాం. పొద్దున్నే దుమ్ము దులపడానికి తలుపు తీస్తే మంచం మీద ముడత కూడా ఉండేది కాదు. ఆ నున్నటి దుప్పటి చూడలేకపోయాను. ఒకరోజు మా ఆయన ఏమీ అనకుండా రెండు పెట్టెలు తెచ్చి దానిమీద పెట్టారు.

---

తిరుగుదారి | సోమవారం, రాత్రి 11:05

ఎదురుచూపు అమ్మగారూ, మీ పోస్ట్ ఆఫీసులో చదివాను. లేచి బయటికి వెళ్ళి కాసేపు నడిచి వచ్చాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు. వెళ్ళొచ్చి చెప్తాను.

---

కొత్తబ్యాగు | బుధవారం, రాత్రి 9:50

అమ్మకి చెప్పేశాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత తమ్ముడు ఫోన్ లాక్కుని తెలుగు పాఠం గట్టిగా చదివి వినిపించాడు. అన్నం తిన్నాను.

---

తిరుగుదారి | సోమవారం, తెల్లవారుజాము 4:30

ఇంటి నుంచే రాస్తున్నాను. మెలకువ వచ్చేసింది, అందరూ పడుకున్నారు.

శుక్రవారం చేరేసరికి చీకటి పడిపోయింది. వర్షం. దారంతా ముఖం ఎలా పెట్టాలో ఆలోచిస్తూనే ఉన్నాను. గడప ముందుకొచ్చి బెల్ కొడదామని చెయ్యి ఎత్తాను. సొంత ఇంటికి బెల్ ఏమిటనిపించి ఆగాను. ఆ తర్వాత జరిగింది నేను చేసినట్టు లేదు. కుడి చేతిలో బ్యాగు ఉంది. ఎడమ చెయ్యి దానంతటదే పోయి పిడి పట్టుకుంది, కాస్త పైకెత్తింది, భుజం ఆనింది. తలుపు ఎప్పుడూ చేసే చప్పుడు చేసింది, కింద నేలకి గీసుకుంటూ.

లోపల్నుంచి నాన్న "ఎవరూ?" అనలేదు. "వచ్చావా" అన్నారు. నేనింకా కనపడనే లేదు.

బయటివాళ్ళెవరూ అలా తీయరట. అందరూ రెండుసార్లు గుద్దుతారట. ఆరేళ్ళయింది ఈ చప్పుడు విని, అంది అమ్మ.

పిడి ఎడమవైపే ఉంది, నదిమలుపు గారూ.

మొదటి రాత్రి మాత్రం ఒక్క కునుకు పట్టలేదు. నా మంచమే, నా గోడే. చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడ్డాను. నా ఒళ్ళు ఈ ఇంటిని కొత్త చోటు అనుకుంటోందని అర్థమై చాలా బాధేసింది. చెట్టునీడ గారి మాట గుర్తుచేసుకుని ఏమీ తేల్చుకోకుండా పడుకున్నాను. శనివారం పగలు నాన్నా నేనూ కలిసి గదిలో సామాన్లు ఒక పక్కకి జరిపాం. అన్నీ తీసేద్దామన్నారు. వద్దు, ఉండనీ అన్నాను. పెట్టెల్లో నా పాత పుస్తకాలు, అమ్మ కుట్టు మిషన్, చెల్లి సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒక పెట్టె మూత తీయగానే చెక్క బీరువా వాసన గుప్పుమంది. ఆ బీరువా ఎప్పుడో తీసేశారు. వాసన కాగితాల్లో ఉండిపోయింది. అమ్మా నేనూ ఇద్దరం వంగి పీల్చుకున్నాం. నిన్న రాత్రి ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోయాను.

మూడోమెట్టు గారూ, మిమ్మల్ని చాలాసార్లు తలుచుకున్నాను. ఇక్కడ ఏ మెట్టు ఎక్కినా.

---

మూడోమెట్టు | సోమవారం, ఉదయం 6:40

చదివాను బాబూ. సంతోషం. ఆ తలుపు బాగు చేయించకండి.

---

ఎదురుచూపు | సోమవారం, ఉదయం 7:55

మొదటి పోస్టులో ఒక మాట రాశారు. మెట్లెక్కుతూ ఎన్నిసార్లు ఆగుతున్నారో ఫోన్లో తెలియదని. చూశారా?

---

తిరుగుదారి | సోమవారం, ఉదయం 8:10

చూశానమ్మా. రెండుసార్లు. మొదటిసారి గోడమీద చెయ్యి ఆనించి. రెండోసారి వెనక్కి తిరిగి, నాకోసం ఆగినట్టు. నేనూ బ్యాగు కింద పెట్టి, ఆయాసం తీర్చుకుంటున్నట్టు నిలబడ్డాను.